అది ఏమంది?

ఆపాకు కోపం తెప్పించడం అంత సులువు కాదు. బెజవాడ మే నెల ఎండలో కరెంటు పోయినా, జీతం నెల దాటి వచ్చినా ఆవిడ ముఖంలో మార్పుండేది కాదు. కానీ ఎవరైనా ప్రోగ్రాంలో ‘స్లీప్’ అని రాస్తే మాత్రం కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడేది.

స్లీప్ అంటే ప్రోగ్రాంను కాసేపు ఊరికే ఆగమని చెప్పడం. అవతలి యంత్రం ఎప్పుడు జవాబిస్తుందో తెలియనప్పుడు నాలాంటి తొందర మనుషులు ఒక అంచనా వేసుకుంటారు. రెండు సెకన్లు ఆగితే చాలు, ఈలోపు దాని పని అయిపోతుందిలే అనుకుని స్లీప్ అని రాసి పడేస్తారు. ఆపా స్క్రీన్ మీద ఆ మాట దగ్గర వేలు పెట్టి, “ఇక్కడ ప... పడుకున్నది ఎవరు? నువ్వా, అదా?” అని అడిగేది. అప్పుడు ఆవిడ అసలు ప్రశ్న అడిగేది.

“సరే. అది ఏమంది?”

అది అంటే మోడెం. మన ఫోన్‌లో సిమ్‌తో మాట్లాడే భాగం ఉంటుంది చూడండి, దాన్ని ఒక్కదాన్నే విడిగా తీసి బిళ్ళలా చేసి అమ్ముతారు. తెర ఉండదు, మీటలుండవు. ఏ పెట్టెలోనైనా పెట్టి, ప్రోగ్రాం రాసి, ఫలానా నంబరుకు ఫోన్ చెయ్యి, ఫలానావాళ్ళకు మెసేజ్ పంపు అని దానికి చెప్పుకోవచ్చు. అది విని సరే అనో కుదరదనో జవాబిస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఒక్కో కంపెనీ మోడెందీ ఒక్కో తీరు, ఒక్కో పెడసరం. ఆ పెడసరాలన్నీ తను భరించి, మిగతా ప్రోగ్రామర్లకు ‘ఫోన్ చెయ్యి’ అని ఒక్క మాట రాస్తే పని జరిగేలా ఆపా ఒక లైబ్రరీ తయారుచేసింది. పుస్తకాల లైబ్రరీ కాదు, ఎవరైనా తీసుకుని తమ ప్రోగ్రాంలో కలుపుకోగలిగే కోడ్. డబ్బులేమీ పుచ్చుకోకుండా నెట్‌లో అందరికీ వదిలేసింది. రాసినవారు ఎవరు అన్నచోట తన పేరు కూడా పెట్టుకోలేదు, ‘బెజవాడ’ అని మాత్రం రాసింది. అందుకే నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు. ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్ళింట్లో చిన్నవాళ్ళు పిలిచే పిలుపు మా ఆఫీసంతటికీ అలవాటైపోయింది.

పోయిన నెలలో మా పిన్ని ఫోన్ చేసి, చెరువు దగ్గర పెట్టె పలకడం లేదని చెప్పింది. అప్పటికి ఆపా పోయి కొన్ని నెలలైంది.

పిన్ని వాళ్ళది కైకలూరు వైపు. బాబాయి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పటి నుంచి కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు ఆవిడే చూసుకుంటోంది. చెరువేమో ఊరికి దూరం. నీళ్ళను చిలికే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలకు ఆక్సిజన్ అందదు, కాసేపట్లోనే పంటంతా పోతుంది. కరెంటు పోగానే తనలోని బ్యాటరీతో ఇంట్లో ఉన్న పిన్నికి ఫోన్ చేసి కబురు చెప్పేది ఆ పెట్టే. ఆవిడ స్కూటీ వేసుకుని వెళ్ళి జనరేటర్ నడుపుతుంది. కరెంటు తిరిగి రాగానే పెట్టె తనే మోటార్లు వేసి, వేశానని మళ్ళీ ఫోన్ చేస్తుంది. అది పలకకపోతే పిన్ని పొద్దస్తమానం గట్టు మీద కాపలా ఉండాలి. ఆవిడ గట్టు మీద ఉంటే బాబాయిని లేపి కూర్చోబెట్టే దిక్కు ఇంట్లో లేదు.

“ముసురు పట్టేలోపు అది బాగవకపోతే ఈ పంటతో చెరువు వదిలేస్తానే,” అంది పిన్ని. ఆవిడ బెదిరింపులకు మాట్లాడే మనిషి కాదు.

ఆ పెట్టె మా ఆఫీసులో చేసిందే, అందులో ఉన్నది ఆపా లైబ్రరీ. అడగడానికి ఆవిడ లేదు. ఇక నేనే కూర్చోవాలి. కూర్చున్నన్ని రోజులూ ఆవిడ నా భుజం వెనక నిలబడినట్టే ఉంది.

నేను ఆపాను మొదట చూసింది గవర్నర్‌పేటలో, ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు పైన మా చిన్న ఆఫీసులో. రోడ్డు వైపు కిటికీ గట్టు మీద మోడెంలు వరసగా పెట్టి ఉండేవి. సిగ్నల్ అక్కడే బాగా వస్తుందని ఆ చోటు వాటికి ఇచ్చేసింది. ఏది ఏ కంపెనీ సిమ్మో తెలియడానికి ఒక్కోదాని యాంటెనాకు ఒక్కో రంగు మంగళగిరి చీర అంచు ముక్క కట్టింది. గదిలో ఉన్న ఒకే ఒక టేబుల్ ఫ్యాన్ వాటి వైపే తిరిగి ఉండేది. మేము చెమటలు కక్కుతూ ఫ్యాన్ ఇటు తిప్పితే, ఏమీ అనకుండా వచ్చి మళ్ళీ అటు తిప్పేసి పోయేది. మనకు వేడి చేస్తే నోరుంది, చెప్పుకుంటాం అనేది.

వాటికి పేర్లు కూడా పెట్టింది. కొత్తల్లుడు అని ఒకటుండేది. చిన్న కారణానికి అలిగి మాట్లాడడం మానేసేది, కరెంటు తీసి మళ్ళీ పెట్టి బతిమాలితే గానీ దారికొచ్చేది కాదు. ఇంకొకదాని పేరు నాయకుడు. ఏం చెప్పినా వెంటనే సరే అనేది, చేసేది మాత్రం ఏమీ ఉండేది కాదు. ఆ సరే నమ్మడానికి లేదని లైబ్రరీలో దానికోసం ఒక ప్రత్యేక ఏర్పాటు రాసింది. మూడోది మాటలు విరిచి విరిచి పంపేది. సగం మాట వచ్చేది, ఆగేది, తర్వాత ఇంకో ముక్క వచ్చేది. దాన్ని మా చెల్లెలు అనేది ఆపా. ఎందుకంటే ఆవిడకు నత్తి.

ఆ నత్తిని ఆవిడ దాచుకోనూ లేదు, దానికి సిగ్గుపడనూ లేదు. మాట అందక ఆగిపోయినప్పుడు ఎదుటివాళ్ళు జాలిపడి అందించేస్తారు కదా. బస్టాండుకు వెళ్ళాలని ఆటో అతనితో అనబోతుంటే, అతను తొందరగా “బస్టాండా అమ్మా, ఎక్కండి,” అనేసేవాడు. ఆపా ఎక్కి కూర్చునేది. ఆటో కదిలాక కూడా తను మొదలుపెట్టిన మాట వదలకుండా, “బ... బస్టాండుకి,” అని పూర్తిచేసేది. అతను అద్దంలో వింతగా చూసేవాడు. నాకు నవ్వొచ్చేది, ముద్దొచ్చేది కూడా.

ఆవిడ మాత్రం ఎవరి మాటా మధ్యలో అందుకునేది కాదు. ఎంత సాగదీసి చెప్పేవాళ్ళయినా చివరిదాకా వినేది. విన్నాక కూడా కాసేపు ఆగేది, ఇంకేమైనా మిగిలి ఉందేమోనని. నాకు ఆ నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉండేది. ఒకసారి ఊరుకోలేక అడిగాను, లైబ్రరీ మోడెం మాట పూర్తయ్యేదాకా అంత ఓపిగ్గా కాచుకునేలా రాయడం మీ నత్తి వల్లేనా అని. ఏదో గొప్ప సంగతి కనిపెట్టినట్టు అడిగానేమో, ఆవిడ పకపకా నవ్వింది. అదేం లేదు, మోడెంతో వచ్చిన మాన్యువల్లో అలా చెయ్యమని రాసి ఉంది, నువ్వు చదవలేదు అంది. నిజమే, నేను చదవలేదు.

ఎక్కడెక్కడి నుంచో జనం ఆ లైబ్రరీ పేజీలో ప్రశ్నలు రాసేవాళ్ళు. మేము ఇది చేశాం, అది చేశాం, తీసి పెట్టాం, మార్చి చూశాం, అయినా పనిచేయడం లేదు అని పేజీలకు పేజీలు ఏకరువు పెట్టేవాళ్ళు. అన్నిటికీ ఆపా జవాబు ఒకటే, మోడెం ఏమంది? మనం ఏం చేశామన్నది తప్ప అవతల అది ఏమన్నదో ఎవరూ రాయరమ్మా అని నాతో అనేది. ఒకసారి మా ఆయనతో పోట్లాడి ఆఫీసుకొచ్చి, తను ఎంత అన్యాయపు మనిషో మధ్యాహ్నం అన్నాల వేళ దాకా చెప్పాను. ఆపా డబ్బా మూత తీసి, ఖీమా కూర నా వైపు జరిపి, అంతా విని, ఎప్పటిలా కాసేపు ఆగి, “సరే, మరి అతనేమన్నాడు?” అంది. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంటికెళ్ళి అదే అడిగితే సగం గొడవ అక్కడే తేలిపోయింది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు, చెబితే ఇంకా ఎక్కడ నవ్వుతుందోనని.

పిన్ని చెరువు దగ్గర ఆ పెట్టె మొదటిసారి పెట్టిన ఏడాది జరిగిన గొడవ చెబితే గానీ ఆపా అంటే ఏమిటో తెలియదు.

అప్పట్లో ఆ పెట్టెకు మేము ఒక సదుపాయం పెట్టాం. పిన్ని తన ఫోన్ నుంచి పెట్టె నంబరుకు ఒక్క రింగు ఇస్తే చాలు. మోటార్లు ఆగి ఉంటే తిరుగుతాయి, తిరుగుతూ ఉంటే ఆగుతాయి. రైతులంతా వాడే మిస్డ్ కాల్ పద్ధతే కదా అని మురిసిపోయాం. ఒక ముసురు రోజు పొద్దున కరెంటు పోయి వచ్చింది. పెట్టె చక్కగా మోటార్లు వేసింది, వేశానని చెప్పడానికి పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఆ కాల్ కట్ చేసి, తను తిరిగి చేసింది. పెట్టె పిన్ని నంబరు చూసుకుంది, ఆవిడ ఆపమంటోంది అనుకుంది, ఆపేసింది. పిన్నికి ఇదేమీ తెలియదు. మేత వేయడానికి వెళ్ళేసరికి రొయ్యలు పైకొచ్చి గట్టు పక్కన కొట్టుకుంటున్నాయి. పరుగున వెళ్ళి చేత్తో స్విచ్చి వేసింది కాబట్టి చాలా మటుకు బతికాయి.

ఆఫీసులో మా తీర్పు వెంటనే అయిపోయింది. తప్పు పిన్నిది. పెట్టె చేసే కాల్ కట్ చెయ్యకూడదు, కట్ చేసినా తిరిగి చెయ్యకూడదు అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అచ్చు వేయించి షెడ్డులో అంటిద్దామనుకున్నాం. ఆపా అప్పటిదాకా కిటికీ దగ్గర కొత్తల్లుణ్ణి బతిమాలుకుంటూ ఉంది. ఇటు తిరిగి, పిన్నిగారు ఏమన్నారు అని అడిగింది. మేము అడగలేదు. ఎందుకు కట్ చేశావని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

మర్నాడే ఆపా, నేను గుడివాడ మీదుగా బస్సులో వెళ్ళాం. ఆవిడ చెరువు చూడడం అదే మొదలు. బురఖా అంచు బురదకు తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గట్టంతా తిరిగింది. మేత డ్రమ్ము ఒకటి బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, పెట్టెలో మోడెం ఏమేం మాట్లాడుతోందో చూస్తూ, ఫోన్ ఎలా చేశారో మళ్ళీ చేసి చూపించమని పిన్నిని అడిగింది. పెట్టె ఫోన్ చేయడం, పిన్ని కట్ చేయడం, తిరిగి చేయడం, మోటార్లు ఆగడం. మళ్ళీ మొదటి నుంచి. చూస్తుంటే నాకే విసుగొచ్చింది. పిన్నికి మొహమాటం పెరిగిపోయి, చివరికి తనే చెప్పింది.

“మనకోసం ఫోన్ చేసినోళ్ళ డబ్బులు మనం కాల్చకూడదు కదండీ. మా చెరువు దగ్గర పనోళ్ళు చేసినా అంతే, కట్ చేసి నేనే చేస్తా. చెయ్యి దానంతటదే పోతదండీ.”

అది మనిషి కాదు కదా పిన్నీ, ఆ సిమ్‌లో డబ్బులు కూడా నీవే కదా, అసలు ఇప్పుడు కాల్‌కు డబ్బులెక్కడ పోతున్నాయి అని నేను మొదలుపెట్టాను. ఆపా నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. పిన్నితో అంది: “మీరు మా... మార్చుకోకండి పిన్నిగారూ. మర్యాద మీరు చూపించారు. పెట్టెకే తెలియలేదు. దానికి నేర్పాల్సింది మేము.”

పిన్ని ఆ పూట మమ్మల్ని వదల్లేదు. రొయ్యల వేపుడుతో అన్నం పెట్టింది. ఆపా నెమ్మదిగా, ఒక్కో రొయ్యా మెచ్చుకుంటూ తింది. బాబాయి మంచం పక్కన కూర్చుని ఆయన పాత పంటల కథలన్నీ వింది. తిరుగు బస్సులోనే కొత్త కోడ్ రాయడం మొదలుపెట్టింది. పెట్టె తను ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళు కట్ చేసి తిరిగి చేస్తే, అది ఆజ్ఞ కాదు, పలకరింపు. అప్పుడు పెట్టె ఫోన్ ఎత్తి, మోటార్లు తిరుగుతున్నాయో ఆగాయో రికార్డు చేసి ఉంచిన మాట వినిపించాలి. ఇది పిన్ని ఒక్కదానికోసం విడిగా రాయకుండా లైబ్రరీలోనే కలిపేసింది. మా వైపు గౌరవం ఉన్నవాళ్ళు మీ కాల్ కట్ చేసి తామే తిరిగి చేస్తారు, మీ ప్రోగ్రాం దాన్ని తిరస్కారం అనుకోకూడదు అని ఇంగ్లీషులో వివరణ కూడా రాసింది. కొందరు ఇదేం వింత అని రాశారు. ఆఫ్రికాలోని ఏదో ఊరి నుంచి ఒకాయన మాత్రం, మా అమ్మ కూడా ఇలాగే చేస్తుంది, మీకెలా తెలిసింది అని రాశాడు. ఆపా ఆ ఉత్తరాన్ని ఆ వారమంతా వచ్చినవాళ్ళకల్లా చదివి వినిపించింది.

ఆవిడ జబ్బు గురించి రాయను. అది ఆవిడ కాదు. ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు లైబ్రరీ తాళాలు, అంటే దాన్ని మార్చే హక్కులన్నీ, నా పేరు మీదకు మార్చేసినట్టు చెప్పింది. నాకు అంత ఓపిక లేదు ఆపా, నా సంగతి మీకు తెలుసు కదా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగిందని తర్వాత అర్థమైంది.

“ఓపిక ముందే ఉ... ఉండక్కర్లేదు,” అంది. “ఎవరైనా అడిగితే జవాబు చెప్పు. చాలు.”

ఆ తర్వాత నెలల తరబడి ఆ పేజీ తెరవలేదు. తెరిస్తే అక్కడ ఆవిడ జవాబులు ఉండవని భయం. దుఃఖంతో తెరవలేదు, అంతే. పిన్ని ఫోన్ చేయకపోతే ఇంకెన్నాళ్ళు అలా ఉండేదాన్నో.

పిన్ని పెట్టెకు వచ్చిన రోగం సులువుగానే తెలిసింది. వాళ్ళ వైపు టవర్లో పాత నెట్‌వర్క్ తీసేశారు, పాత మోడెం ఇక పలకదు. కొత్త రకం మోడెం కొని అదే సిమ్ వేశాను. మెసేజ్‌లు పోతున్నాయి. ఫోన్ మాత్రం ఒకసారి వెళ్తే ఒకసారి వెళ్ళదు. మెసేజ్ చాలదా అంటే, చేతులకు మేత అంటుకుని ఉన్న మనిషి మెసేజ్ ఎప్పుడు చూస్తుంది? రెండు రోజులు కుస్తీ పట్టాను. చిర్రెత్తుకొచ్చి, ఆపా ఎక్కడున్నా నన్ను క్షమించాలి, మధ్యలో ఒక స్లీప్ పెట్టాను. పని చేసింది. సంబరపడి అందరికీ చెప్పుకున్నాను. మర్నాడు మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. ఇన్నాళ్ళూ నేను ఏం చేశానన్నదే చూసుకుంటున్నాను. అది ఏమన్నదో చూడలేదు. కరెంటు ఇచ్చినప్పటి నుంచి మోడెం పలికిన ప్రతి మాటా తెరమీద పడేలా చేసి, టీ పెట్టుకుని కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చదివాను. సంగతి అక్కడే ఉంది. ఈ కొత్త మోడెం నెట్‌వర్క్ దొరికింది అని ముందు చెబుతుంది. ఫోన్ మాట్లాడడానికి సిద్ధం అని కాసేపు ఆగి చెబుతుంది. ఆ కాసేపు ఒక రోజు తక్కువ, ఒక రోజు ఎక్కువ. మేము మొదటి మాట వినగానే ఫోన్ చెయ్యమని మీదపడుతున్నాం. పాపం, అది చెప్పాల్సింది ఇంకా చెప్పనే లేదు. రెండో మాట వచ్చేదాకా ఆగమని లైబ్రరీలో కొద్దిపాటి కోడ్ కలిపాను. స్లీప్ తీసేశాను.

దాన్ని అందరికీ అందేలా పెట్టడానికి ఆ పేజీ తెరవక తప్పలేదు. జవాబు లేని ప్రశ్నలు కుప్పలుగా పడి ఉంటాయనుకున్నాను. కుప్ప లేదు. ఇన్ని నెలలూ ఎవరికివాళ్ళే ఒకరికొకరు జవాబులు చెప్పుకుంటున్నారు. ముఖం తెలియని మనుషులు, ఏ దేశాలవాళ్ళో. ఎవరో వచ్చి పనిచేయడం లేదని గోల పెట్టగానే, ఇంకెవరో కింద రాస్తున్నారు, మోడెం ఏమంది అని. నేను ఏడ్చాను. మా ఆయన కంగారుపడి ఏమైందని వస్తే చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఆగి విన్నాడు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని రెండు ప్రశ్నలు మిగిలితే వాటికి నేను జవాబులు రాశాను.

ఆదివారం కొత్త మోడెం పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళాను. మబ్బుగా ఉంది, గాలి లేదు. పిన్ని అవతలి గట్టున మేత చల్లుతోంది. ఫోన్ షెడ్డులో నా పక్కనే బస్తాల మీద పెట్టింది. మెయిన్ తీసి, పెట్టెలో మోడెం బిగించి, మళ్ళీ వేశాను. ముందు దగ్గరి ఏరియేటరు కదిలింది, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత అన్నీ. చెరువంతా తెల్లగా నురగ లేచింది. పిన్ని చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఇటు చూసింది.

బస్తాల మీద ఫోన్ మోగింది. అటు చూశాను. తెర మీద ‘ఆపా’ అని ఉంది.

పెట్టె నంబరును పిన్ని ఆ పేరుతో దాచుకుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్ మోగుతూనే ఉంది. పిన్ని గట్టు మీద గబగబా నడిచొచ్చి, మేత అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి పేరు చూసింది. ఒకసారి నా ముఖం చూసింది. కట్ చెయ్యలేదు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, అవతల చెప్పేదంతా అయ్యేదాకా విన్నది.

“ఆఁ, తిరుగుతున్నాయమ్మా,” అంది. “ఇక్కడే ఉన్నా, చూస్తన్నా.”